రెండో కిడ్నీ కోసం ఎదురుచూపు: పీఆర్ఏ 85 అంటే?

ప్రశ్న: మొదట అమర్చిన కిడ్నీ పాడైంది. మళ్లీ డయాలసిస్ మీద ఉన్నాను. రిపోర్టులో పీఆర్ఏ 85 శాతం అని వచ్చింది. పాత మందులు (అమర్చిన కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడేవి) మానేయొచ్చా?

జవాబు: మీ అంతట మీరు మానొద్దు. వందమంది దాతల్లో సుమారు 85 మంది హెచ్‌ఎల్‌ఏ గుర్తులకు (సొంతమా, పరాయా అని శరీరం పోల్చుకునే కణాల గుర్తులకు) మీ రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయని పీఆర్ఏ 85కు అర్థం. వాళ్ల కిడ్నీని మీ శరీరం తిరస్కరించే ముప్పు ఎక్కువ. పాత కిడ్నీ, రక్తమార్పిడి, గర్భం, ఎక్కువగా వీటివల్లే ఆ యాంటీబాడీలు పుడతాయి. మందులు ఆపితే శరీరం పాత కిడ్నీపై విరుచుకుపడి, ఆ శాతం ఇంకా పెరగొచ్చు. కొనసాగిస్తే ఇన్ఫెక్షన్ల భయమూ ఉంది. ఎంత తగ్గించాలో డాక్టరే తేల్చాలి.

రక్తం తప్పనిసరైతే తెల్లకణాలు వడకట్టినదే అడగండి. అయినా ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయించండి. ప్లాస్మా మార్పిడితో (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడంతో) యాంటీబాడీలు తగ్గుతాయి కానీ, తయారుచేసే కణాలు మిగిలే ఉంటాయి. అందుకే తిరిగి పెరుగుతాయి. దాత ఉండీ కుదరకపోతే, ముందు జతల మార్పిడి (ఇలాగే కుదరని మరో దాత-రోగి జతతో కిడ్నీలు ఇచ్చిపుచ్చుకోవడం) గురించి అడగండి.