ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

"నాన్నకు ఫోన్ వాడటం ఎన్నిసార్లు చూపించినా మర్చిపోతున్నారు, ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు. చూపించేటప్పుడు ఫోన్ ఎవరి చేతిలో ఉంది? చాలా ఇళ్లలో "ఇలా ఇవ్వు నాన్నా" అని లాక్కుని, టకటకా నాలుగు నొక్కి, "అంతే" అని తిరిగి ఇచ్చేస్తారు. అందులో ఆయన నేర్చుకోవడానికి ఏముంది?

మాది గుంతకల్లు. మా చిన్నాయన రైల్వేలో ట్రాక్‌మన్‌గా రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి గడ్డపార, కంకర పట్టిన చేతులు, వేలిముద్రలు అరిగిపోయాయి. నవంబర్ వస్తే ఆయనకు టెన్షనే. బతికే ఉన్నానని ఏటా చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది, మిషన్ ఏమో ఆయన వేలు తీసుకోదు. ఒకసారి బ్యాంకులో కుర్రాడు "సరిగ్గా పెట్టు పెద్దాయనా, వెనక లైనుంది" అని అందరి ముందూ విసుక్కున్నాడు. ఆ వయసు మనిషితో అలాగేనా మాట్లాడేది? నాకు ఇప్పటికీ మండుతుంది.

2021 నుంచి ఫోన్‌కు ముఖం చూపించి కూడా జీవన్ ప్రమాణ్, అంటే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, తీసుకోవచ్చు. ఆ పని ఆయన ఫోన్లోనే, ఆయన చేతనే చేయించాను. జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లు ఎక్కించడం వరకే నా పని. ఆధార్ నంబరు, పీపీఓ (పెన్షన్ ఆర్డర్) నంబరు ఆయనే చూసి కొట్టాడు. "నాకు రాదు, నువ్వే చెయ్యప్పా" అన్నప్పుడల్లా చేతులు కట్టుకుని పక్కనే కూర్చున్నాను. రెప్పలు ఆర్పమంటే కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు. ఇంట్లో వెలుతురు చాలక మిద్దె మీదికెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నమంతా దానికే పోయింది. సర్టిఫికెట్ వచ్చినట్టు మెసేజ్ రాగానే చిన్నమ్మను కేకేసి చూపించాడు. మరుసటి ఏడాది రైల్వే కాలనీలో తోటి పెన్షనర్లకు ఆయనే చేసిపెట్టాడు. ఆపరేటర్‌గా నమోదైతే ఒకే ఫోన్ నుంచి వేరేవాళ్లకూ చేయొచ్చు.

ఇంకో మాట. మనం మతిమరుపు అనుకునేది చాలావరకు వేళ్ల సమస్యే. పెద్దవాళ్లు మెల్లగా, నొక్కిపట్టి తాకుతారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది, ఐకాన్ ఎటో జరిగిపోతుంది, ఫోన్ పాడైందని వాళ్లు భయపడతారు. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టచ్ అండ్ హోల్డ్ డిలే అనే దాన్ని 'లాంగ్'కి మార్చండి. అక్షరాలు పెద్దవి చేయండి. ఇంత కష్టపడి నేర్చుకున్నాక అప్‌డేట్ పేరుతో బటన్ల చోటు మార్చేస్తారు చూడండి, అది ఘోరం.

డబ్బుల యాప్ నేర్పేటప్పుడు ముందు మీరే పది రూపాయలు పంపించండి. పిన్ కొట్టకుండానే డబ్బు వచ్చి పడటం వాళ్లు కళ్లారా చూడాలి. అప్పుడే, "డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి" అని ఎవడైనా కాల్ చేస్తే మోసమని తెలిసి వెంటనే ఫోన్ పెట్టేస్తారు. మోసం జరిగితే చేయాల్సిన 1930 నంబరును మీ నంబరు పక్కనే సేవ్ చేసి, అది ఎక్కడుందో వాళ్ల చేతనే వెతికించండి.