అంటిందా, సోకిందా? పిలవని చుట్టానికి ఆతిథేయి ఎవరు?

సందేహం: నర్సీపట్నం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మలేరియా పాఠం దగ్గర ఏటా మూడు చోట్ల ఆగిపోతున్నాను. ఒక గైడులో ‘ప్లాస్మోడియం (మలేరియా క్రిమి) సోకబడిన వ్యక్తి’ అని ఉంది. అది సరైన ప్రయోగమేనా? దోమ కుడితే వచ్చే మలేరియాను అంటువ్యాధి అనవచ్చా? మూడోది పిల్లలు అడిగింది. క్రిమి ఎవరి ఒంట్లో బతుకుతుందో ఆ ప్రాణిని పాఠంలో ‘అతిథేయి’ అంటారు. మనం పిలవని క్రిమికి మనం ‘అతిథేయి’ ఎలా అవుతామండీ అంటున్నారు. దాన్నే కొందరు ‘ఆతిథేయి’ అని కూడా రాస్తున్నారు. ఏది ఒప్పు?
— ఒక ఉపాధ్యాయిని

సమాధానం: మొదటిదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. ‘సోకిన వ్యక్తి’ అంటే చాలు. తుప్పు పట్టిన మేకును ‘తుప్పు పట్టబడిన మేకు’ అని, దెబ్బ తగిలిన కాలును ‘తగలబడిన కాలు’ అని ఎవరైనా అంటారా? రెండో మాటకైతే అర్థమే మారి కాలు కాలిపోతుంది. పాత కావ్యభాషలో గాలి మేనిని సోకేది, అంటే ఆ క్రియకు కర్మ ఉండేది కనుక కర్మణి రూపం కుదురుతుందని వాదించేవారు ఉండవచ్చు. నేటి తెలుగులో వ్యాధి మనిషిని సోకదు, మనిషికి సోకుతుంది. కాబట్టి ‘బడు’ వదిలేయండి.

రెండో సందేహం అంత తేలిగ్గా తెగేది కాదు. తెలుగువాళ్లు జబ్బుకో క్రియ వాడతారు. జలుబు చేస్తుంది, పడిశం పడుతుంది, ఆటలమ్మ పోస్తుంది, గజ్జి అంటుకుంటుంది, వడదెబ్బ తగులుతుంది. ఇవన్నీ అలవాటు మాటలే అయినా, ఆ జబ్బు ఎలా వస్తుందని మన పెద్దలు అనుకున్నారో ఒక్కో క్రియలో కొంత దాగి ఉంది. ‘చేయడం’ ఒంట్లోనే జరిగే మార్పు: వేడి చేసింది, పైత్యం చేసింది. జలుబునూ ఆ పద్దులోనే వేశారు. అది పక్కవారి తుమ్ము నుంచి వస్తుందని ఆ క్రియకు తెలియదు. ‘పోయడం’ ఒంటిమీద పొక్కులు కనిపించే తీరు. ‘పట్టడం’ వచ్చినది ఒక పట్టాన వదలదనే బాధ: శని పట్టడం, చెద పట్టడం, దయ్యం పట్టడం.

‘అంటు’ అంటే తాకిడి. జిగురు అంటుకుంటుంది, నిప్పు అంటుకుంటుంది, ఒక చెట్టు కొమ్మను మరో చెట్టుకు కడితే అంటుమామిడి అవుతుంది, తిన్న గిన్నెలు అంట్లు అవుతాయి. ఒకదాని గుణమో మరకో తాకిడి వల్ల రెండోదానికి చేరడం ఆ మాటలోని అసలు బొమ్మ. గజ్జికి, తామరకు, కళ్లకలకకు అది అతికినట్టు సరిపోతుంది. మలేరియా రోగి మంచం మీద కూర్చున్నా, అతని కంచంలో తిన్నా ఆ జ్వరం రాదు. కాబట్టి తరగతిలో దాన్ని అంటువ్యాధి అనకపోవడమే మేలు. మనుషుల్ని అంటరానివాళ్లను చేసి దూరం పెట్టిన మరక కూడా ఆ మాటకు ఉంది. అవసరం లేని చోట రోగి పక్కన ఆ మాట పెట్టకపోతే నష్టమేమీ లేదు.

అయితే పత్రికల్లో ఆ మాట ఎప్పుడో అర్థం పెంచుకుంది. 2020లో కరోనా కట్టడికి వాడిన 1897 నాటి చట్టాన్ని మన పత్రికలు ‘అంటువ్యాధుల చట్టం’ అని రాశాయి. తమాషా ఏమిటంటే ఆ చట్టం పుట్టింది బొంబాయి ప్లేగు కోసం. ఆ ప్లేగును మనుషులకు చేర్చేది ఎలుకల మీది గోమార్లు (ఇంగ్లీషులో ఫ్లీ) అని ఫ్రెంచ్ వైద్యుడు పాల్ లూయీ సిమోన్ కరాచీలో చూపించింది ఆ మరుసటి ఏడాది, 1898లో. పత్రికా ప్రయోగాన్ని తప్పనను. పాఠం చెప్పేవారు మాత్రం తేడా పాటించాలంటాను.

మరి ఏ మాట వాడాలి? ‘సంక్రమించడం’ ఉంది. సంక్రాంతి మాటకూ దీనికీ ధాతువు ఒకటే: ఒక చోటు నుంచి మరో చోటికి అడుగు వేయడం. సుశ్రుత సంహిత నిదానస్థానంలో కుష్ఠ ప్రకరణం చివర, కలిసి తినడం, ఒకే పక్క మీద పడుకోవడం, ఊపిరి, ఒకరి బట్టలు, పూలదండలు, పూతలు మరొకరు వాడటం వంటి వాటివల్ల కుష్ఠం, జ్వరం, క్షయ, కళ్లకలక మొదలైనవి ‘సంక్రామంతి నరాన్నరమ్’ అని ఉంది. నరుడి నుంచి నరుడికి అడుగు వేస్తాయట. ఆ జాబితాలో దోమ లేదు. అయినా ధాతువు విశాలమైనది కాబట్టి మధ్యలో దోమ ఉన్నా ఇబ్బంది లేదు. ‘సంక్రమణ వ్యాధి’ పుస్తకాలకు బాగుంటుంది.

నోటి మాటకు నా ఓటు ‘సోకు’కే. కంటికి కనబడని తాకిడికి తెలుగులో దీన్ని మించిన మాట లేదు. గాలి సోకుతుంది, వరికి తెగులు సోకుతుంది. పాత నిఘంటువుల్లో అరసున్నతో ‘సోఁకు’ అంటే రాక్షసుడు, పిశాచం అనే అర్థం కూడా ఉంది. కనబడకుండా వచ్చి మీద పడేది అన్నమాట. సూక్ష్మదర్శిని లేని రోజుల్లో సూక్ష్మజీవికి ఇంతకంటే దగ్గరి మాట ఏం దొరుకుతుంది! (సోకులు చేసుకోవడంలోని సోకు వేరే, అది ఉర్దూ షోకు.)

ఇక పిల్లల ప్రశ్న. ముందు రూపం సంగతి. ‘ఆతిథేయి’ ఒప్పు. కుంతి కొడుకు కౌంతేయుడు, గంగ కొడుకు గాంగేయుడు అయినట్టే, ఈ ప్రత్యయం చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి ‘అ’ కాస్తా ‘ఆ’ అవుతుంది. అతిథుల విషయంలో మంచివాడు ఆతిథేయుడు. పాణిని దీన్ని చెప్పిన సూత్రంలోనే పథి శబ్దాన్నీ చేర్చాడు. దానినుంచి వచ్చిందే పాథేయం, దారిబత్తెం. చుట్టానికి అన్నం పెట్టేవాడూ, చుట్టం మూటగట్టుకు వెళ్లే అన్నమూ ఒకే సూత్రం కింద ఉండటం నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది. ‘అతిథేయి’ అని హ్రస్వంతో రాయడం అతిథి మాట చెవిలో మెదలడం వల్ల వచ్చిన పొరపాటు. పాఠ్యపుస్తకాల్లో బాగా పాతుకుపోయింది కాబట్టి పిల్లల జవాబుల్లో దానికి మార్కులు కోయకండి.

పిలవనివాడు అతిథి ఎలా అవుతాడు? పిలవనివాడే అతిథి! తిథి లేకుండా వచ్చేవాడు, ఫలానా రోజు వస్తానని చెప్పనివాడు అని ఆ మాటకు మనవాళ్లు చెప్పే వ్యుత్పత్తి. కాబట్టి ప్లాస్మోడియం అక్షరాలా అతిథే. ఇంగ్లీషులో ఆతిథేయికి వాడే ‘హోస్ట్’ మాటకు మూలం లాటిన్‌లో అతిథికీ ఆతిథేయికీ కూడా చెల్లేది. దాని దగ్గరి చుట్టమైన మరో లాటిన్ మాటకు శత్రువు అని అర్థం. గడప ముందు నిలబడ్డ కొత్తవాడిని నమ్మాలా వద్దా అన్న అనుమానం ఆ జాతుల భాషలోనే ఉందన్నమాట.

కానీ మనుస్మృతి ప్రకారం అతిథి ఒక్క రాత్రి ఉండి పోవాలి. ప్లాస్మోడియం ఆ మర్యాద పాటించదు. దోమ లాలాజలంతో చర్మంలోకి దిగినది నెత్తురు వెంట కాలేయానికి చేరి, వారం అటూఇటూగా అక్కడ వేలల్లో పెరిగి, ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. ప్లాస్మోడియంలో వైవాక్స్ అనే జాతిలో కొన్ని కాలేయంలోనే నిద్రపోయి, నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత లేస్తాయి. ఫాల్సిపారం అనే జాతి మరో ఎత్తు వేస్తుంది. అది చేరిన రక్తకణం పైన జిగురులాంటి ఒక ప్రోటీన్ తేలి, ఆ కణం సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుపోతుంది. పాడైన రక్తకణాలను ఏరేసే ప్లీహం దాకా వెళ్తే ఏరివేతకు గురవుతుంది కాబట్టి ఆ దారిన పోకుండా తప్పించుకోవడం అది. మెదడులో ఇలా అతుక్కుంటే ప్రాణానికే ముప్పు. చూశారా, మలేరియాలో ‘అంటుకోవడం’ లేకపోలేదు. అది మనిషికీ మనిషికీ మధ్య కాదు, నెత్తురు లోపల.

‘పరాన్నజీవి’ మాట కూడా ఇక్కడ అలంకారం కాదు. ఆ క్రిమి రక్తకణంలోని హీమోగ్లోబిన్‌ను తింటుంది. అందులో జీర్ణం కాని ఇనుప భాగం నల్లటి గోధుమరంగు రేణువులుగా మిగులుతుంది. ఆ ఎంగిలే దాన్ని పట్టించింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగి నెత్తురు తాగించిన దోమను కోసి చూస్తుంటే, దాని పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో అవే నల్ల రేణువులు కనిపించాయి. విసనకర్ర వీస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని గాలి లేకుండా కూర్చునేవాడు. అతని చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

పిల్లలకు ఇంకో మెలిక చెప్పండి. ఈ క్రిమిలో ఆడ, మగ కణాలు కలిసేది దోమ కడుపులో. అందుకే శాస్త్రం దోమను ప్రధాన ఆతిథేయి అనీ, మనిషిని మధ్యంతర ఆతిథేయి అనీ అంటుంది. దానికి సొంతిల్లు దోమ, మనం దారిలో సత్రం. దోమను ఉత్త ‘వాహకం’ అంటే దాని పాత్ర సగమే చెప్పినట్టు. పైగా సంస్కృతంలో ఈకారాంతమైన ‘ఆతిథేయీ’ స్త్రీలింగం. మలేరియా మోసేది ఆడదోమే కాబట్టి వ్యాకరణం ఆమె విషయంలో పూర్తిగా కుదిరింది. మగవాడి విషయంలో పట్టింపు ఉంటే ఆతిథేయుడు అనండి. తెలుగు శాస్త్రగ్రంథాలు మాత్రం లింగభేదం లేకుండా ఆతిథేయి అనే వాడుతున్నాయి, అదే సుఖం.

మీ గైడులోని వాక్యాన్ని ఇలా దిద్దుకోండి: ‘ప్లాస్మోడియం సోకిన వ్యక్తిని ఎనాఫిలిస్ ఆడదోమ కుట్టినప్పుడు ఆ దోమకూ అది సోకుతుంది. కొన్నాళ్లకు అదే దోమ కుట్టినవారికి మలేరియా సోకుతుంది.’ అన్నట్టు, దోమ కుడుతుంది. కరిచేది పాము, కుక్క.