ముందు ఓచర్లు చూడండి, అభిప్రాయం తర్వాత

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర పల్లె. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసై, చెన్నైలో రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) పూర్తి చేశాను. ఇప్పుడు వెస్ట్ మాంబళంలో లేడీస్ హాస్టల్లో ఉండి ఫైనల్‌కు చదువుకుంటున్నాను. పుస్తకం తెరిచిన పది నిమిషాలకే చేయి ఫోను మీదకు పోతోంది. రోజుకు అయిదు గంటలు అందులోనే గడుస్తున్నట్టు ఫోనే లెక్క చూపిస్తోంది. అందులో సగం సీఏకు సంబంధించిన రీల్స్, టెలిగ్రామ్ గ్రూపులే. ఇన్‌స్టాగ్రామ్‌ను నాలుగుసార్లు తీసేశాను, నాలుగుసార్లూ మళ్లీ పెట్టుకున్నాను. నాన్న అప్పు తెచ్చి హాస్టల్ ఫీజు కడుతున్నారు. ఫోను అమ్మేసి బటన్ ఫోను కొనుక్కోనా? లేక ఈ చదువుకు నేను పనికిరానని ఒప్పుకుని ఏదైనా ఉద్యోగం చూసుకోనా?

జవాబు: రెండేళ్లు ఆడిట్‌కు వెళ్లారు కదమ్మా. క్లయింట్ ఆఫీసులో కూర్చోగానే నివేదిక రాయడం మొదలుపెట్టేవారా? ముందు ఓచర్లు, అంటే ప్రతి ఖర్చుకూ ఆధారంగా ఉండే కాగితాలు, చూసేవారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చేవారు. తేడా కనిపించిన చోట ఎందుకు వచ్చిందని అడిగేవారు. అభిప్రాయం రాయడం అన్నిటికన్నా చివరి పని. మీ విషయంలో మాత్రం ఒక్క ఓచరూ చూడకుండా ‘పనికిరాను’ అని రాసేసుకున్నారు. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. కోర్సు మానేసే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఆర్టికల్‌షిప్‌లో ఉన్నప్పుడూ ఇదే ఫోను మీ చేతిలో ఉంది. సెప్టెంబరు 30 టాక్స్ ఆడిట్ గడువు ముంచుకొచ్చినప్పుడు మీరు రాత్రి దాకా కూర్చుని పని ముగించే ఉంటారు. ఆ ఏకాగ్రత ఎక్కడికీ పోలేదు. అప్పుడు పక్క కుర్చీలో ఇంకొకరు ఉండేవారు, సాయంత్రం ‘ఎంతవరకు వచ్చింది?’ అని సీనియర్ అడిగేవారు. ఇప్పుడు హాస్టల్ గది, మంచం, పుస్తకాలు, ఫోను. అడిగేవారు లేరు. ఆర్టికల్‌షిప్‌కూ ఫైనల్‌కూ మధ్య వచ్చే ఈ ఆరు నెలల ఖాళీ సమయం చాలామంది పిల్లలను ఇలాగే తడబడేలా చేయడం నేను చూస్తూ ఉన్నాను. అందులో ఉద్యోగంలో రాణించే పిల్లలూ ఉంటారు.

ఇక ఫోను సంగతి. పాత వెబ్ పేజీలు ఒక చోట అయిపోయేవి. అక్కడికి చేరాక ‘తర్వాతి పేజీ’ నొక్కాలా వద్దా అని మనిషి ఒక్క క్షణం ఆగేవాడు. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్‌ను తయారుచేశాక ఆ క్షణం పోయింది. తర్వాత ఆయనే దానికి విచారం వ్యక్తం చేశాడు. పైగా తర్వాత వచ్చే రీల్ బాగుంటుందో లేదో ముందు తెలియదు. ప్రతిసారీ గింజ దొరికే మీటకన్నా, ఎప్పుడు దొరుకుతుందో తెలియని మీటను పావురాలు ఎక్కువగా పొడుస్తాయని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏనాడో చూపించాడు. నాలుగుసార్లు ఓడిపోయానని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. ఎదుట ఉన్నది ఏమిటో తెలిస్తే ఆ తిట్లు కొంచెం తగ్గుతాయని ఇదంతా చెబుతున్నాను.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట ‘అందులో సగం సీఏకు సంబంధించినవే’ అన్నది. ఆ సగం ఫరవాలేదన్నట్టు రాశారు. నా దృష్టిలో ఎక్కువ నష్టం చేస్తున్నది అదే. వంట రీల్ చూసినప్పుడు సమయం వృథా అయిందని మనసుకు తెలుస్తుంది. ర్యాంకర్ పద్నాలుగు గంటల టైమ్‌టేబుల్ చూసినప్పుడు, ‘తప్పకుండా వచ్చే ప్రశ్నలు’ అన్న పీడీఎఫ్ దింపుకున్నప్పుడు మాత్రం చదివినట్టే అనిపిస్తుంది. అలా దింపుకున్నవాటిలో ఎన్ని తెరిచారో ఒకసారి చూడండి. అవి చూస్తున్నంతసేపూ భయం తగ్గుతుంది, ఆపగానే రెట్టింపై తిరిగి వస్తుంది. దాన్ని తగ్గించుకోవడానికి మళ్లీ అవే.

ఆ గ్రూపుల్లో లేకపోతే ఏదైనా తప్పిపోతుందన్న భయం వద్దు. స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ టెస్ట్ పేపర్లు, గత ప్రశ్నలకు సమాధానాలు అన్నీ సీఏ పరీక్షలు నడిపే ఇన్‌స్టిట్యూట్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది. చట్టంలో వచ్చిన మార్పులు కూడా అక్కడే దొరుకుతాయి. వారానికి ఒకసారి, ఆదివారం ఉదయం అనుకోండి, ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే చాలు. టెలిగ్రామ్ గ్రూపులన్నిటి నుంచి ఈరోజే బయటికి వచ్చేయండి. ఇందులో మాత్రం నేను మొహమాటపడను.

బటన్ ఫోను వద్దు. నాన్నగారు పంపే డబ్బు, బ్యాంకు ఓటీపీలు, హాస్టల్ ఫీజు అన్నీ ఈ ఫోనుతోనే ముడిపడి ఉంటాయి. వారంలో ఏదో అవసరం వచ్చి మళ్లీ కొంటారు. అది అయిదో ఓటమి అవుతుంది, డబ్బూ పోతుంది. దానికి బదులు ఇన్‌స్టాగ్రామ్‌ను ఫోనులోంచి తీసేసి ఖాతాను అలాగే ఉంచండి. రాత్రి భోజనం తర్వాత అరగంట ల్యాప్‌టాప్‌లో చూసుకోండి. ఎప్పటికీ చూడననే ఒట్టు పెట్టుకోకండి. రాత్రికి చూడొచ్చని తెలిస్తే పగలు చేయి కొంచెం మాట వింటుంది. యూట్యూబ్‌లో చూసిన వీడియోల చరిత్రను చెరిపేసి, ఇకపై నమోదు కాకుండా ఆపేయండి. తెరవగానే వచ్చే సిఫారసులు పోతాయి, కావలసిన క్లాసును వెతుక్కుని చూడవలసి వస్తుంది. టీ నగర్ రంగనాథన్ వీధిలో ఒక అలారం గడియారం కొనుక్కుని, రాత్రి ఫోనును మంచానికి దూరంగా ఛార్జింగ్‌లో పెట్టండి.

ఇప్పుడు ఓచర్ల పని. మూడు రోజులపాటు పుస్తకం పక్కన ఒక తెల్లకాగితం ఉంచండి. చేయి ఫోను వైపు వెళ్లిన ప్రతిసారీ ఒక గీత గీసి, సమయం వేసి, దానికి ముందు ఏం జరిగిందో రెండు ముక్కలు రాయండి. ‘కన్సాలిడేషన్ లెక్క కలవలేదు.’ ‘ఆడిట్ పేజీ రెండోసారి చదివినా ఎక్కలేదు.’ ‘అమ్మ గుర్తొచ్చింది.’ ఫోను తీసినా సరే, రాశాకే తీయండి. చాలామంది కాగితాల్లో గీతలు రోజంతా సమానంగా పడవు, రెండు మూడు చోట్ల గుంపుగా పడతాయి. లెక్క దగ్గర పడితే అది చదువులోని ఇబ్బంది, బేసిక్స్ మళ్లీ చూసుకోవాలి. సాయంత్రం ఆరు తర్వాత పడితే అది ఒంటరితనం కావచ్చు. దానికి టైమ్‌టేబుల్ మందు కాదు, మనిషి తోడు కావాలి.

ఆ తోడు కోసం మీతోపాటు ఆర్టికల్‌షిప్ చేసినవారిలో ఫైనల్ రాస్తున్నవారెవరైనా ఉంటే కలుపుకోండి. కోట్టూర్‌పురంలోని అన్నా శతాబ్ది గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోవడానికి ప్రత్యేక విభాగం ఉంది. ఉదయమే ఇద్దరూ వెళ్లండి. ఫోన్లు సంచుల్లో పెట్టి, ఒకరి సంచి ఒకరు దగ్గర ఉంచుకోండి. సాయంత్రం బయలుదేరే ముందు ఆరోజు రాసిన పేజీలను ఒకరికొకరు చూపించుకోండి. చదివిన పేజీలు కాదు, చేత్తో రాసినవి. పరీక్షలో అయిదు పేపర్లకు మూడేసి గంటలు, ఆరో పేపరుకు నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. పది నిమిషాలకే కదిలే మనసును ఒక్కరోజులో అక్కడికి తీసుకెళ్లలేం. ఈ వారం ఇరవై అయిదు నిమిషాలు, వచ్చే వారం నలభై. పొద్దున మొదట లెక్కలతోనే మొదలుపెట్టండి. చేతికి పెన్నుతో పని ఉన్నంతసేపు అది ఫోను వైపు తక్కువగా వెళ్తుంది.

ఉద్యోగం గురించి ఎనిమిది వారాలు ఇలా చేశాక మాట్లాడుకుందాం. ఇంటర్ పాసై ఆర్టికల్‌షిప్ చేసినవారికి అకౌంట్స్, జీఎస్టీ పనుల్లో ఉద్యోగాలు దొరుకుతాయి కాబట్టి ఆ దారి ఎక్కడికీ పోదు. ఫైనల్ పరీక్షలు ఏడాదికి ఒకటికన్నా ఎక్కువసార్లు జరుగుతాయి, ఏయే నెలల్లోనో ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. రెండు గ్రూపులూ ఒకేసారి రాయలేననిపిస్తే ఒక గ్రూపే రాయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ప్రతి పేపరులో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి కాబట్టి మూడు పేపర్లకు సమంగా తయారవడమే ముఖ్యం. ఏ నెలలో ఏ గ్రూపు రాస్తారో నాన్నగారికి ఇప్పుడే చెప్పండి. అప్పు చేసి చదివిస్తున్న మనిషికి ఆ నెల పేరు తెలియడం పెద్ద ఊరట.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను అలవాటు చేయి దాటిపోయినవారి కోసం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది.

మూడు రోజుల కాగితం నిండాక మళ్లీ రాయండి. గీతలు ఏ వేళలో ఎక్కువగా పడ్డాయో, వాటి పక్కన ఏ మాటలు రాశారో చెప్పండి. మీ ఎనిమిది వారాల టైమ్‌టేబుల్‌ను ఆ వేళల చుట్టూనే వేద్దాం.