అర మిల్లీమీటరు గుల్లకు పేరు పెట్టేముందు

ప్రశ్న: గౌరీపట్నం క్వారీలో రెండు లావా పొరల మధ్య ఉన్న బంకమట్టి తెచ్చి కడిగాం. 150 మైక్రాన్ల జల్లెడ మీద ఒక్క ఫొరామినిఫెరా (రాతి వయసు తేల్చడానికి పనికొచ్చే సముద్రపు ఏకకణ జీవి) గుల్ల కూడా నిలవలేదు. లేవని రాసుకోవచ్చా?
– ఎమ్మెస్సీ జియాలజీ విద్యార్థి, రాజమహేంద్రవరం

అప్పుడే రాయకండి. రాజమహేంద్రవరం చుట్టుపక్కల క్వారీల్లో లావా పొరల మధ్య డేనియన్ (డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన కాలం) తొలినాళ్ల ప్లవక (నీటిలో తేలుతూ బతికే) ఫొరామినిఫెరా ఉన్నాయని భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించింది. 6.6 కోట్ల ఏళ్ల కిందట గ్లోబోట్రంకానా వంటి పెద్ద గుల్లలు అంతరించాయి. ఆ వెంటనే పుట్టినవి మరీ చిన్నవి. పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా చాలావరకు 100 మైక్రాన్లు కూడా ఉండదు. మీ మట్టిలో అది ఉండి ఉంటే నీళ్లతోపాటు తూములోకి పోయింది. 63 మైక్రాన్ల జల్లెడ కింద 38 మైక్రాన్ల జల్లెడ పెట్టి మళ్లీ కడగండి.

50 నుంచి 100 గ్రాముల మట్టిని శనగగింజంత ముక్కలు చేసి, 50 డిగ్రీలు దాటని వేడిలో ఆరబెట్టి, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. రోట్లో నూరొద్దు, గుల్లలు పగులుతాయి. విడిపోకపోతే నీళ్లలో కొంచెం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలపండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాల్సి వస్తే పలుచగా, కొద్ది గంటలే. నల్లమట్టిలో పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే పెరాక్సైడ్ తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, పలుచని గుల్లలు కరిగిపోతాయి. ఒక నమూనా కడిగాక జల్లెడను మిథిలీన్ బ్లూ అనే నీలి రంగులో ముంచండి. తర్వాతి నమూనాలో నీలి గుల్ల కనిపిస్తే అది పాతదాంట్లోంచి వచ్చిందే. ఈ పని మానేసి తప్పు వయసు కట్టినవాళ్లు ఉంటారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్న: గుల్ల వర్ణన ఎక్కడ మొదలుపెట్టాలి? పుస్తకంలో బొమ్మ చూసి పోల్చుకుంటే చాలదా?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

చాలదు. బొమ్మ చూసి పేరు అనుకున్నాక కళ్లు ఆ పేరుకు సరిపోయేవే చూస్తాయి. ముందు గోడ చూడండి. ఇసుక రేణువులు అతికించి కట్టిందా? పాలలా తెల్లగా, రంధ్రాలు లేకుండా, పింగాణీలా ఉందా? గాజులా మెరుస్తూ సన్నని రంధ్రాలతో ఉందా? పెద్ద విభాగాలు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత గదుల అమరిక: ఒకే వరుసా, రెండు వరుసలా, మూడు వరుసలా, ఒకే తలంలో చుట్టా, నత్తగుల్లలా పైకి లేచే చుట్టా. నత్తచుట్టయితే చుట్లు కనిపించే వైపు, బొడ్డు వైపు, అంచు – మూడు వైపులా బొమ్మ గీయండి. ఆఖరి చుట్టులో గదులెన్నో లెక్కపెట్టండి, పెద్ద వ్యాసం, మందం కొలవండి.

గుల్ల నోటి (ఆఖరి గది బయటికి తెరుచుకునే రంధ్రం) దగ్గర చాలామంది మోసపోతారు. ఆఖరి గది విరిగిపోతే లోపలి గదుల మధ్య రంధ్రమే నోరులా కనిపిస్తుంది. విరిగిన అంచు గరుకుగా ఉంటుంది, అసలు నోటికి చాలాసార్లు పెదవి ఉంటుంది. గుల్ల కరిగి లోపలి అచ్చు ఒక్కటే మిగిలితే గోడ లేదు కనుక ప్రజాతి (జీనస్) పేరు కూడా పెట్టకండి. ఒకే గుల్ల చూసి నిర్ణయించొద్దు, పదైనా చూడండి. పిల్లదశ గుల్లలు వేరే జాతిలా కనిపిస్తాయి. పోలిక ఉండి నిశ్చయం లేకపోతే జాతి పేరు ముందు ‘సి.ఎఫ్.’ (cf., ‘పోల్చి చూడండి’) అని రాయడంలో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: చమురు బావి తవ్వకంలో పైకొచ్చే ముక్కల్లో ఒక జాతి ఏ లోతు దాకా కనిపిస్తే అక్కడిదాకా ఆ వయసేనా?
– అమలాపురం పాఠకుడు

కాదు. బావి గోడల్లోంచి పై పొరల మట్టి రాలి కింద కలుస్తుంది. కిందికి వెళ్తుంటే ఒక జాతి మొదటిసారి కనిపించిన లోతునే నమ్మండి. కోర్ నమూనా (రాతిని స్తంభంలా కోసి తీసినది) ఉంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: కచ్ఛ్ సున్నపురాయిలో పెద్ద, చిన్న నాణేల్లాంటి నమ్ములైట్లు (పెద్ద సైజు ఫొరామినిఫెరా) కలిసి దొరికాయి. రెండు జాతులా?
– హైదరాబాద్ పాఠకురాలు

ఒకే జాతి కావచ్చు. అలైంగికంగా పుట్టిన తరంలో మొదటి గది పెద్దది, గుల్ల చిన్నది. లైంగికంగా పుట్టిన తరంలో మొదటి గది చిన్నది, గుల్ల పెద్దది. ఈ సంగతి తెలియక పూర్వం ఒకే జాతికి రెండు పేర్లు పెట్టేవారు. గుల్లను పటకారుతో పట్టుకుని మంటలో వేడిచేసి చన్నీళ్లలో వేస్తే చాలాసార్లు నడిమధ్యకు రెండుగా విడిపోతుంది. మొదటి గదిని మైక్రోస్కోపు కింద కొలవండి, చుట్లు ఎంత ఎడంగా ఉన్నాయో, అడ్డగోడలు ఎలా వంగాయో రెండింటిలోనూ పోల్చండి. విడిపోనివాటిని సరిగ్గా మధ్యతలం దాకా అరగదీయాలి. కొంచెం పక్కకు జరిగినా మొదటి గది చిన్నదిగా కనిపించి తరం తారుమారవుతుంది.