నొప్పి లేదని మానేసిన క్లీనింగ్, ఇప్పుడు 1,30,000 రూపాయల ఈఎంఐ

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 43 ఏళ్లు. ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌ని, చేతికి 46 వేలు వస్తాయి. మా ఆవిడ ట్యూషన్లు చెప్పి 12 వేలు తెస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 14 వేలు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 5 వేలు, చీటీ 5 వేలు (లక్ష చీటీ, 20 నెలలు, ఇప్పుడు 9వ నెల). అయిదేళ్లుగా షుగర్ ఉంది. తొమ్మిదేళ్ల కిందట ఒకసారి పళ్లు క్లీన్ చేయించాను. ఏటా రమ్మన్నారు కానీ నొప్పేమీ లేదు కదా అని మళ్లీ వెళ్లలేదు. నాలుగేళ్లుగా బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని తెలిసినవాళ్లు అంటే ఊరుకున్నాను. ఈ మధ్య రెండు దవడ పళ్లు కదిలిపోతే తీయించాల్సి వచ్చింది. దానికీ, ఒక రూట్ కెనాల్‌కీ యాప్‌లో 30 వేలు అప్పు తీసుకున్నాను. చేతికి వచ్చింది 27,900. నెలకు 11 వేల చొప్పున మూడు నెలలు కట్టి తీర్చేశాను. ఇప్పుడు ఇంకో రెండు రూట్ కెనాల్స్, క్యాపులు కలిపి 22 వేలు, చిగుళ్లకు డీప్ క్లీనింగ్, సర్జరీ 28 వేలు, రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పళ్లు) 80 వేలు, మొత్తం 1,30,000 అవుతుందన్నారు. 12 నెలలు వడ్డీ లేని ఈఎంఐ ఇప్పిస్తామంటున్నారు. ఒకేసారి నగదు కడితే 10 వేలు తగ్గిస్తారట. ఈఎంఐకి వెళ్లనా? చీటీ పాడేయనా? ఇంటిల్లిపాదికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీ ఉంది, అందులో వస్తుందా? సేవింగ్స్‌లో 11 వేలు, పాప చదువు కోసం వేసిన 40 వేల ఎఫ్‌డీ ఉన్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది 1,30,000 కాదు, సేవింగ్స్‌లో 11 వేలు అన్న మాట. ఇద్దరి సంపాదనా కలిపి 58 వేలు వచ్చే ఇంట్లో, షుగర్ ఉన్న మనిషి చేతిలో అత్యవసర నిధి లేదు. సిప్ ఉంది, చీటీ ఉంది, ఎఫ్‌డీ ఉంది. రేపు ఆటో గుద్ది కాలు విరిగినా, రెండు నెలలు జీతం ఆగినా తీసి వాడుకోవడానికి మాత్రం ఏమీ లేదు. అందుకే పన్ను నొప్పికి యాప్ గుర్తొచ్చింది. నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ వరుసే ఎక్కువ కనిపిస్తోంది. చిన్న ఖర్చును ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు, అది పెద్దదయ్యాక అప్పు చేస్తారు, ఆ అప్పు తీర్చడంలో పడి పొదుపు ఆపేస్తారు.

ముందు ఆ యాప్ అప్పు సంగతి చెప్తాను. మీరు అకౌంటెంటే కాబట్టి లెక్క మీకే అర్థమవుతుంది. చేతికొచ్చింది 27,900, కట్టింది 33,000. తేడా 5,100. నెలనెలా కొంత తీరుస్తూ వచ్చారు కాబట్టి ఆ డబ్బు మీ దగ్గర సగటున రెండు నెలలే ఉంది. రెండు నెలలకు 18 శాతం అంటే ఏడాది లెక్కన నూరు శాతం పైమాటే. ఇంత వడ్డీకి ఏ అవసరానికీ అప్పు తీసుకోకూడదు. అప్పు ఇచ్చే ముందు అన్ని ఖర్చులూ కలిపి అసలు వార్షిక రేటు ఎంతో 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్'లో చూపించాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ ఒక్క అంకె చూసి ఉంటే మీరు వెనక్కి తగ్గేవారు. ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి.

ఇప్పుడు క్లినిక్ వాళ్ల 'వడ్డీ లేని' ఈఎంఐ. నగదైతే 1,20,000, ఈఎంఐ అయితే 1,30,000 అంటున్నారంటే వడ్డీ ధరలోనే కలిసి ఉంది. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి. ఫీజు 2 వేలు అనుకుంటే జీఎస్టీతో 2,360. మొత్తం మీద మీరు అదనంగా కట్టేది 12,360. నెలనెలా తీరిపోయే అప్పు కాబట్టి ఏడాది పొడవునా సగటున మీ మీద ఉండే బాకీ 65 వేలే. ఆ లెక్కన దాదాపు 19 శాతం. ఇంతకంటే నాకు భయం కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ఇలాంటి ఏర్పాటులో ఫైనాన్స్ కంపెనీ మొత్తం డబ్బు ముందే క్లినిక్‌కి ఇచ్చేస్తుంది. వైద్యం మధ్యలో ఆగినా, మీకు నచ్చక వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా మీ ఖాతాలోంచి ఈఎంఐ పోతూనే ఉంటుంది. ఆరేడు నెలలు సాగే పంటి వైద్యానికి మొదటి రోజే మొత్తం డబ్బు ఎవరు కడతారు? ఏ దశ పూర్తయితే ఆ దశకే కట్టండి. క్రెడిట్ కార్డు ఈఎంఐ మాట అసలు ఎత్తకండి. తప్పనిసరై అప్పే చేయాల్సి వస్తే బ్యాంకులో బంగారం పెట్టి తీసుకోవడం వీటన్నిటికంటే నయం, కానీ మీకు ఆ అవసరమూ లేదు.

ఎందుకు లేదంటే, ఈ 1,30,000 మొత్తం ఇప్పుడే కావాల్సిన డబ్బు కాదు. పంటి వైద్యానికి ఒక వరుస ఉంటుంది. ముందు నొప్పి, చీము ఉన్న పళ్లు. అంటే ఆ రెండు రూట్ కెనాల్స్. తర్వాత చిగుళ్లు. డీప్ క్లీనింగ్ చేశాక కొన్ని వారాలు ఆగి, చిగుళ్లు ఎంతవరకు మానాయో కొలిచి, అప్పుడే సర్జరీ ఎక్కడెక్కడ కావాలో తేలుస్తారు. కొన్నిచోట్ల అవసరం లేకుండానే పోవచ్చు. ఇంప్లాంట్లు అన్నిటికంటే చివర. చిగుళ్ల జబ్బు అదుపులోకి రాకుండా, షుగర్ దిగకుండా ఇంప్లాంట్ పెడితే అది కూడా పళ్ల దారే పట్టే ప్రమాదం ఉంది. మీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) ఎంతో మీరు రాయలేదు. ఆ రిపోర్టు చూపించి, "ఇంప్లాంట్లు ఒక ఏడాది తర్వాత పెట్టించుకుంటే నష్టమా? ఈలోగా తీసి పెట్టుకునే పళ్లు సరిపోతాయా?" అని డాక్టరును సూటిగా అడగండి. ఖాళీ మరీ ఎక్కువ కాలం ఉంటే పక్క పళ్లు ఒరుగుతాయి, అందుకే ఈ ప్రశ్న డాక్టరుకే వేయమంటున్నాను. ఇంప్లాంట్‌కి బదులు బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో కట్టే పళ్లు) పనికొస్తుందేమో కూడా అడగండి.

ఇక డబ్బు సర్దుబాటు. ఎఫ్‌డీ తీసేయండి. వడ్డీలో కొంత కోత పడుతుంది, అంతే. నూరు శాతం వడ్డీకి అప్పు చేస్తూ 40 వేలు ఎఫ్‌డీలో ఉంచుకోవడం వల్ల పాప చదువుకి ఒరిగేదేమీ లేదు. అందులో 22 వేలు రూట్ కెనాల్స్‌కి పోగా మిగిలిన 18 వేలు, సేవింగ్స్‌లోని 11 వేలు కలిపితే 29 వేలు. అదే మీ అత్యవసర నిధికి మొదటి మెట్టు. యాప్‌కి మూడు నెలలు 11 వేలు కట్టగలిగారు కాబట్టి 8 వేలు పక్కన పెట్టగలరు. సిప్ కూడా కొన్నాళ్లు ఆపితే నెలకు 13 వేలు. తొమ్మిది నెలలకు 1,17,000. చిగుళ్ల వైద్యానికి 28 వేలు తీసేసినా, చేతిలో ఉన్న 29 వేలతో కలిపి 1,18,000 అవుతుంది. ఇంటి ఖర్చు, ఇంటి ఈఎంఐ కలిపి మీకు నెలకు 38 వేలు అవుతుందనుకుంటే అది మూడు నెలల ఖర్చు. అక్కడికి చేరాకే సిప్ మళ్లీ మొదలు పెట్టండి. తర్వాత నెమ్మదిగా ఆరు నెలల ఖర్చు దాకా పెంచండి. ఈ డబ్బును స్వీప్-ఇన్ ఎఫ్‌డీలోనో (సేవింగ్స్ ఖాతాకి కలిపి ఉండే ఎఫ్‌డీ), లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి, షేర్లలో వద్దు.

చీటీ ఇప్పుడు పాడొద్దు. 9వ నెలలో పాడితే చీటీ సొమ్ములో బాగానే వదులుకోవాల్సి వస్తుంది. రిజిస్టర్డ్ చీటీ అయితే నడిపేవాళ్ల కమీషన్ 7 శాతం దాటకూడదు, అంటే చివరిదాకా ఆగితే దాదాపు 93 వేలు వస్తాయి. అది వచ్చే సమయానికి ఇంప్లాంట్లకి మీ నోరు కూడా సిద్ధంగా ఉంటుంది. 80 వేలు అందులోంచి కట్టేయొచ్చు, అప్పుతో పనే లేదు. చీటీ రిజిస్టర్ కానిది అయితే మాత్రం ఆ డబ్బును నమ్ముకుని ఏ ప్లానూ వేసుకోకండి.

చిగుళ్ల వైద్యం విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనో, మీ దగ్గర్లోని ప్రైవేటు డెంటల్ కాలేజీలోనో చేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఎక్కువసార్లు తిరగాలి, సెలవులు పెట్టాలి. మీకు వీలైతే ఆదా అయిన డబ్బు నేరుగా నిధిలోకి వెళ్తుంది.

హెల్త్ పాలసీ విషయం ఒక్క మాటలో చెప్పాలంటే, దాని మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పంటి వైద్యాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి బీమా) ఉందేమో చూసుకోండి. పాలసీలో మీ షుగర్ సంగతి చెప్పి ఉన్నారో లేదో కూడా ఈ వారమే చూడండి, ఇది పళ్లకంటే పెద్ద విషయం.

ఇప్పుడు మీరు అడగని సంగతి. పళ్ల మీద పేరుకునే పాచిని బ్రష్ తీస్తుంది. అదే గట్టిపడి గారగా మారాక ఏ బ్రష్షూ, ఏ పేస్టూ తీయలేదు. డాక్టరు స్కేలింగ్ (పరికరంతో గార గీకి తీయడం) చేస్తేనే పోతుంది. గార చిగురు కిందికి దిగితే చిగురు వాస్తుంది, రక్తం వస్తుంది, తర్వాత పన్నును పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. చిగుళ్ల వాపు దశలో ఉంటే శుభ్రం చేయించి, సరిగ్గా బ్రష్ చేసుకుంటే మామూలు స్థితికి వస్తుంది. కరిగిన ఎముక మాత్రం చాలావరకు తిరిగి రాదు. ఇదంతా చాలాకాలం నొప్పి లేకుండానే జరుగుతుంది. కాబట్టి నొప్పి లేదని మానేయడం అన్నది మీరు పెట్టుకున్న తప్పుడు కొలత. రక్తం కనిపించిన రోజే వెళ్లాల్సింది. క్లీనింగ్ వల్ల పళ్లు కదలవు. అప్పటికే ఎముక కరిగి, గార పట్టి ఉంచిన పన్ను ఆ గార పోగానే కదిలినట్టు తెలుస్తుంది. కొన్ని రోజులు చల్లటి నీళ్లకు జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి.

తొమ్మిదేళ్లు ఏటా 1,200 పెట్టి ఉంటే అయ్యేది 10,800. అలా చేసి ఉంటే ఒక్క పన్నూ పోయేది కాదని నేను చెప్పలేను, కానీ ఆ రక్తాన్ని నాలుగేళ్ల కిందటే ఒక డాక్టరు చూసేవారు. అందరికీ ఆరు నెలలకోసారి క్లీనింగ్ తప్పనిసరి అనడం కూడా సరికాదు. పెద్దవాళ్లు పళ్లు చూపించుకోవడానికి మనిషిని బట్టి 3 నెలల నుంచి 24 నెలల దాకా వ్యవధి పెట్టవచ్చని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2004లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. షుగర్, చిగుళ్ల జబ్బు ఉన్న మీకు వ్యవధి తక్కువే ఉంటుంది, బహుశా మూడు నాలుగు నెలలకోసారి రమ్మంటారు. మీ ఆవిడకి ఏడాదికోసారి సరిపోవచ్చు. తెల్లబరిచే ప్యాకేజీలు అంటగడితే వద్దనండి, చిగుళ్లకు వాటితో పని లేదు.

ఈ క్లీనింగ్ డబ్బు అత్యవసర నిధిలోంచి తీయకండి. ఎప్పుడు వస్తుందో ముందే తెలిసిన ఖర్చు అత్యవసరం ఎలా అవుతుంది? ఇంటి పన్ను, బండి ఇన్సూరెన్స్, ముగ్గురి పళ్ల క్లీనింగ్, షుగర్ పరీక్షలు అన్నీ ఒక కాగితం మీద రాసి, మొత్తాన్ని పన్నెండుతో భాగించి, ఆ అంకెకి జీతం పడిన మర్నాడే కోసుకునేలా విడిగా ఒక ఆర్డీ పెట్టండి. క్లినిక్ వాళ్లకి మాత్రం రేపే ఫోన్ చేసి ఈఎంఐ వద్దని, దశలవారీగా కడతానని చెప్పి, ఒక్కో దశకి విడిగా ఎస్టిమేట్ రాయించుకోండి. కాగితాల మీద సంతకం ఇంకా పెట్టలేదనే అనుకుంటున్నాను. పెట్టేసి ఉంటే ఒప్పందంలో కూలింగ్-ఆఫ్ గడువు (అప్పు వద్దనుకుని వెనక్కి తగ్గడానికి ఇచ్చే సమయం) ఎన్ని రోజులుందో ఈ రోజే చూడండి, ఆ గడువులోగా అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటికి రావచ్చు.