ఆస్ట్రేలియాకి కొత్తగా వచ్చినోళ్ళకి: క్రికెట్ సరే, సాకరూస్‌ని కూడా కాస్త పట్టించుకోండి

సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ ఆటల గురించి మాట్లాడుకుంటుంటే మేం పక్కన బొమ్మల్లా నిలబడుతున్నాం అన్నా, ఎలా కలవాలి వీళ్ళతో అని కొత్తగా దిగిన పిల్లలు అడుగుతుంటారు. క్రికెట్ ఉందిగా అంటారా, ఉంది, కానీ అందులో మనం ఎప్పుడూ అవతలి జట్టే, సిరీస్ మొదలైందంటే వాళ్ళొక పక్క మనం నీలం చొక్కాలేసుకుని ఇంకో పక్క. సాకర్‌లో (ఫుట్‌బాల్‌ని ఇక్కడ అలాగే అంటారు, సాకరూస్ అంటే ఆస్ట్రేలియా మగవాళ్ళ జట్టు) ఆ గొడవ చాలా తక్కువ. ఇండియా ఇప్పటిదాకా వరల్డ్ కప్‌లో ఆడిందే లేదు కాబట్టి దిగిన రోజు నుంచే వాళ్ళ పక్కన నిలబడి హాయిగా అరుచుకోవచ్చు.

నాకిది అంటించింది మా కింద ఫ్లాట్‌లో ఉండే క్రొయేషియా పెద్దాయన. అప్పుడు సిడ్నీ హోమ్‌బుష్‌లో బ్యాచిలర్లం కలిసి అద్దెకుండేవాళ్ళం. 2005 నవంబర్ 16, ఉరుగ్వేతో మ్యాచ్, గెలిస్తే వరల్డ్ కప్‌కి వెళ్తారు, స్టేడియం మాకు దగ్గర్లోనే అయినా టికెట్లెక్కడివి, 82 వేల పైచిలుకు జనం, ఆయనింట్లో టీవీ ముందే కూర్చున్నాం. 1974 తర్వాత ఆస్ట్రేలియా వాళ్ళు వరల్డ్ కప్ మొహం చూళ్ళేదు, 1997లో మెల్‌బోర్న్‌లో ఇరాన్ మీద 2-0తో ముందుండి కూడా 2-2 చేసుకుని వరల్డ్ కప్ ఛాన్స్ పోగొట్టుకున్నారు, ఆ కథంతా చెప్తూ ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. పెనాల్టీల దాకా వెళ్ళింది, మన గోల్‌కీపర్ ష్వార్జర్ రెండు ఆపాడు, అలోయిసీ ఆఖరిది కొట్టి చొక్కా విప్పి పరిగెత్తాడు. పెద్దాయన ఏడ్చేశాడు. నాకు ఆఫ్‌సైడ్ అంటే ఏంటో కూడా సరిగ్గా తెలీదు, అయినా గొంతు పోయేలా అరిచాను.

అసలు సరదా 2006 జర్మనీలో. జపాన్ మీద ఆఖరి పది నిమిషాల్లో మూడు గోల్స్, 3-1, ఆ రాత్రి నిద్ర లేదు. తర్వాత క్రొయేషియాతోనే మ్యాచ్ పడింది, మనకి తెల్లారుజామున 5కి. ఎవరి పక్క బాబాయ్ అంటే ఆయన నోరు విప్పడే! విడుకా లాంటి క్రొయేషియా సంతతి వాళ్ళు ఆస్ట్రేలియాకి ఆడుతున్నారు, కాన్‌బెరాలో పుట్టిన సిమూనిచ్ క్రొయేషియాకి ఆడుతున్నాడు. రెఫరీ గ్రాహం పోల్ అదే సిమూనిచ్‌కి రెండో పసుపు కార్డు ఇచ్చి బయటికి పంపడం మర్చిపోయి, మూడోది ఇచ్చాక పంపాడు. క్యూయెల్ గోల్‌తో 2-2, ఆ డ్రాతోనే ఆస్ట్రేలియా వాళ్ళు ముందుకెళ్ళారు, పెద్దాయన రెండు వైపులకీ తిట్లు తిట్టి టీ పెట్టాడు. (తర్వాత రౌండ్‌లో ఇటలీకి ఇంజ్యురీ టైమ్‌లో ఇచ్చి వీళ్ళని ఇంటికి పంపిన ఆ పెనాల్టీ గురించి మాత్రం ఇప్పటికీ ఇక్కడ ఎవరి దగ్గరా ఎత్తకండి, గంట పోతుంది.)

నేను చెప్పేదేంటంటే ఈ జట్టులో చాలామంది వలసొచ్చిన కుటుంబాల వాళ్ళే. 2022లో వరల్డ్ కప్‌కి వెళ్ళాలంటే గెలవాల్సిన మ్యాచ్‌లో పెరూ మీద పెనాల్టీల్లో గోల్ కొట్టిన ఆవెర్ మబిల్ కెన్యాలో కకుమా శరణార్థుల క్యాంపులో పుట్టాడు, ఆ వెంటనే గోల్‌కీపర్ రెడ్‌మేన్ గోల్ లైన్ మీద డాన్సులేస్తూ ఆఖరిది ఆపాడు. ఇలాంటి జట్టుని మనోళ్ళు అనుకోవడానికి పాస్‌పోర్ట్ రంగు మారాల్సిన పన్లేదు.

మరి ఇండియాతో పడితే అంటారా, పడింది కూడా, 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్. మా ఇంట్లో నేను మన ఛెత్రీ జట్టు వైపు, ఇక్కడే పుట్టిన మావాడు పసుపు జెర్సీ వేసుకుని అటువైపు. హాఫ్ టైమ్ దాకా 0-0, నేను తెగ ఎగిరాను. తర్వాత ఆస్ట్రేలియా వాళ్ళు అర్విన్, బాస్ చెరొకటి కొట్టారు, 2-0. వాడు నన్ను వారం రోజులు ఏడిపించాడు, పెద్దాయన కష్టం అప్పుడు అర్థమైంది నాకు.

ఇక పనికొచ్చే మాటలు. సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో క్వాలిఫయర్ (వరల్డ్ కప్‌కి అర్హత మ్యాచ్) పడితే టికెట్లు అమ్మకానికి రాగానే చూసుకోండి, కొత్తలో గోల్ వెనకాల సీట్లు తీసుకోకండి, అక్కడ గుంపు మ్యాచంతా నిలబడి పాడుతూనే ఉంటుంది, చిన్నపిల్లలతో అయితే అసలే వద్దు. టికెట్ దొరక్కపోతే మెల్‌బోర్న్ వాళ్ళు ఫెడరేషన్ స్క్వేర్‌లో పెద్ద స్క్రీన్ పెడుతున్నారేమో కనుక్కోండి. మటిల్డాస్ (ఆడవాళ్ళ జట్టు) మ్యాచ్‌లు అస్సలు వదలొద్దు, 2023 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ మీద 7-6 పెనాల్టీల రాత్రి చూసినోళ్ళని అడగండి. పిల్లలుంటే శనివారం సాకర్‌లో చేర్చండి, హాఫ్ టైమ్‌కి కమలాపళ్ళు కోసే వంతు మీకొచ్చినప్పుడు తప్పించుకోకండి, ఆఫీసులో ఏడాదికి కానంత పరిచయం ఆ గ్రౌండ్ గట్టు మీద నెలకే అవుతుంది.