కవరు మీద పేరు రాసి ఉంచు

చిరంజీవి బుజ్జమ్మకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ నాటకాల కరపత్రం నా ఫోన్‌కి వచ్చింది. నువ్వు పంపలేదు. మీ అత్తయ్య పంపింది, ఆవిడకి ఇంకెవరో పంపారట. ఊరంతా తిరిగి తిరిగి చివరికి నా దగ్గరికొచ్చిందన్నమాట. ఆ ఊరి నాటక సమాజానికి పదకొండేళ్ళు కార్యదర్శిగా చేసినవాణ్ణి, అందరికంటే ఆఖరున తెలియాల్సింది నాకేనా? సరే, కోపం ఇక్కడితో అయిపోయింది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. 'శ్రీకృష్ణుడు' అన్నచోట నీ పేరు చూసి మీ పెద్దమ్మని పిలిచాను. ఆవిడ చదివి, "కిరీటం పెట్టుకుంటే దానికి తలనొప్పి వస్తుందేమో" అంది. మీ పెద్దమ్మ సంగతి నీకు తెలుసు కదా. సంతోషం వస్తే ఆవిడకి ముందు ఇలాంటి బెంగలే పుడతాయి.

ఆడపిల్ల కృష్ణుడేమిటని ఊళ్ళో ఎవరైనా అంటే పట్టించుకోకు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే చీర కట్టు నేర్చుకోవడానికి ఆడవాళ్ళు వెళ్ళేవారని మా నాన్న చెప్పేవాడు. మగవాడు సత్యభామ అయితే చప్పట్లు కొట్టిన జనం, ఆడపిల్ల కృష్ణుడైతే మాత్రం ఎందుకు కొట్టరు?

ఇక నీ జాబితా. భోగి రాత్రి పిల్లల నాటిక, సంక్రాంతి రాత్రి రాయబారం, ఏప్రిల్ 16న కన్యాశుల్కం, వేసవిలో పరిషత్తు నాటక పోటీలకి ఒక సాంఘిక నాటిక. నాలుగూ ఒకేసారి కరపత్రంలో వేసేశావు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాలు రైలెక్కి వచ్చి రిహార్సల్ చేయిస్తావా తల్లీ? మొదటి రెండూ గట్టిగా చెయ్యి. తర్వాతవి 'త్వరలో' అని వేసుకో. 'త్వరలో' అంటే ఎప్పుడని మన ఊళ్ళో ఎవరూ నిలదీయరు.

కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం అని ఏప్రిల్ 16 పెట్టుకున్నావు, బాగుంది. కానీ కన్యాశుల్కం మొత్తం ఏడంకాలు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది కూడా ఇప్పుడు మనం చదివే పుస్తకం కాదు. గురజాడ వారు దాన్ని బాగా పెంచి 1909లో మళ్ళీ అచ్చు వేశారు. కాబట్టి నాలుగు సీన్లు తీసుకో. గిరీశం ఉన్నవే తీసుకుంటావని నాకు తెలుసు. ఒక్కటైనా మధురవాణిది ఉంచు.

చింతామణి వెయ్యమని రామాలయం అరుగు మీది ముసలాళ్ళు అడుగుతారు చూడు. వద్దను. 2022లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది, ఆ గొడవ నీకెందుకు. పైగా వాళ్ళడిగేది కాళ్ళకూరి నారాయణరావు గారు రాసిన చింతామణి కాదు, తర్వాతవాళ్ళు అందులో కలిపిన చిల్లర మాటలు. అదే కాళ్ళకూరి వారిది వరవిక్రయం ఉంది, కట్నాల మీద. పరిషత్తుకి కాకపోయినా ఉగాదికి చూసుకో.

రాయబారం దగ్గర కాసేపు ఆగుతాను. మా రోజుల్లో కురుక్షేత్రం నాటకం అంటే రాత్రి పదికి తెర లేస్తే తెల్లారి కోడి కూసేదాకా. ఒక్క రాత్రికి ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఒకరు. ఒకే కృష్ణుడు రాత్రంతా పాడితే గొంతు ఏమవుతుంది మరి. జనం కూడా, "రెండో కృష్ణుడొచ్చాక లేపండి" అని పిల్లలకి చెప్పి చాప మీద నిద్రపోయేవారు. ఇప్పుడలా కుదరదు. రాత్రి పది దాటితే మైకు వెయ్యకూడదని 2000 సంవత్సరం నుంచి నిబంధన ఉంది. పండగ రోజుల్లో పన్నెండు దాకా సడలింపు ఇస్తారు, ఇస్తే మంచిదే. ఇవ్వరనుకునే లెక్క వేసుకో. ఆరున్నరకి తెర లేపు. పందేల బరుల దగ్గర్నుంచి మగవాళ్ళు ఎనిమిదింటికి గానీ రారు, వాళ్ళకోసం ఆగకు. ఆడవాళ్ళూ పిల్లలూ ఆరింటికే వచ్చి కూర్చుంటారు. నాటకం వాళ్ళదనుకో.

పద్యం సంగతి. ముందు అర్థం నేర్చుకో, తర్వాత రాగం. తిరుపతి వేంకట కవులు ఆ పద్యాలు మామూలు మనిషి మాట్లాడే మాటల్లో రాశారు. వాటిని ఐదు నిమిషాలు రాగంలో నానబెడితే చివరికి కృష్ణుడు ఏమన్నాడో ఎవరికీ తెలియదు. కృష్ణుడి వేషానికి పేరుపడ్డ పీసపాటి నరసింహమూర్తి గారి రాయబారం యూట్యూబులో దొరికితే విను, వినేటప్పుడు పుస్తకం చేతిలో పెట్టుకో. శ్రుతి నీ గొంతుకి సరిపోయేది పెట్టించుకో. హార్మోనియం ఆయన తనకి అలవాటైన మెట్టు మీదికి నిన్ను లాగుతాడు. లొంగకు.

జనవరి మంచు తెలుసుగా. హార్మోనియం మీద దుప్పటి కప్పి ఉంచండి. కరెంటు వైర్లు తడి గడ్డి మీద పడెయ్యనివ్వకు, ఇది మాత్రం ఎవరికో అప్పగించకుండా నువ్వే తిరిగి చూడు. నీకు మిరియాల పాలు. మేకప్పు, డ్రెస్సులు నాకంటే నీకే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు మాట. కరపత్రంలో 'ద్రౌపది' పక్కన ఆ అమ్మాయి పేరు, పేరు కింద చిన్న అక్షరాల్లో 'గుడివాడ' అని ఉంది. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు.

1984 సంక్రాంతి. అప్పుడూ రాయబారమే. ద్రౌపదికి గుడివాడ నుంచి ఒక ఆర్టిస్టుని మాట్లాడాం. మూడొందలు, అందులో వంద అడ్వాన్సు. ఆవిడ పేరు రాయను. ఎనిమిదేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని, ఒక రేకు పెట్టెతో వచ్చింది. పిల్లాడు గ్రీన్‌రూములో ఆ పెట్టె మీదే పడుకుని నిద్రపోయాడు.

ఆ రాత్రి ఆవిడ చదివిన పద్యాలకి రెండుసార్లు వన్స్ మోర్ పడింది. రాయబారానికి వెళ్ళబోయే కృష్ణుడికి ద్రౌపది తన జుట్టు చూపించి చెప్పుకునే ఘట్టం. జనం ఏడుస్తున్నారు. సరిగ్గా అప్పుడు నేను సైడ్ వింగులోంచి మైకు అందుకుని, "ఫలానా వారు ద్రౌపది పాత్రధారిణికి నూట పదహార్లు" అని చదివింపు చదివాను. ఆవిడ జుట్టు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, సభ వైపు తిరిగి తల వంచి, మళ్ళీ ఏడుపులోకి వెళ్ళిపోయింది. చదివింపులు సీను మధ్యలో చదవనివ్వకు బుజ్జమ్మా. ఎమ్మెల్యే ఇచ్చినా సరే, తెర పడ్డాకే.

తెల్లవారుజామున లెక్క చూస్తే డబ్బు లేదు. ఐదొందలు ఇస్తానన్న పెద్దమనిషి ఆ మధ్యాహ్నమే కోడిపందెంలో పోగొట్టుకున్నాడు. మైకు సెట్టు అతను డబ్బిస్తే గానీ కదలనని స్టేజీ ముందు కూర్చున్నాడు. తెరల అతను నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. వాళ్ళకిచ్చాం. హార్మోనియం ఆయన గట్టిగా అడిగాడు, ఆయనకీ ఇచ్చాం. ఆవిడ చదివింపు నూట పదహార్లు కూడా అందులోనే కలిసిపోయింది. చదివింపు ఆర్టిస్టుకే చెందాలని నాకు తెలియక కాదు. అరిచినవాళ్ళకి ముందు ఇచ్చాం. ఆవిడ అరవలేదు. మొహం కడుక్కుని, పెట్టె సర్దుకుని, వచ్చి నిలబడింది. "వారంలో మనియార్డరు చేస్తామండి" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "చార్జీలకైనా ఇప్పించండి" అంది. ఇరవై రూపాయలు ఇచ్చాను.

ఆ రోజు కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, మన ఊరి బస్సు ఎందుకు కదులుతుంది? ఆవిడకి ఆ సంగతి చెప్పాలని కూడా మా ఎవరికీ తోచలేదు. కాలవ వంతెన దగ్గర పెట్టె మీద కూర్చుని పదకొండింటి దాకా బస్సు కోసం చూసింది. నేను రెండుసార్లు దూరం నుంచి చూసి వెనక్కి వచ్చేశాను. మూడోసారి మీ నాయనమ్మ నీళ్ళకని వెళ్ళి, వాళ్ళని చూసి, ఇంటికి తీసుకొచ్చేసింది.

నేను పశువుల పాకలోకి వెళ్ళి దాక్కున్నాను. కార్యదర్శిని! కొత్త పంచె కట్టుకుని గడ్డివాము వెనకాల! పెరట్లో మీ నాయనమ్మ వాళ్ళకి గారెలూ కోడికూరా వడ్డిస్తోంది. మాటల్లో, "మావాళ్ళు డబ్బులు సరిగ్గా ఇచ్చారామ్మా?" అనడిగింది. నాకు గుండె ఆగినంత పనైంది.

"ఇచ్చారండి" అంది ఆవిడ.

ఇంకో గారె వడ్డిస్తే, "బాబుకి వెయ్యండి, నాకు చాలు" అంది.

భోజనాలయ్యాక దింపుదామంటే బండి కట్టడానికి లేదు, ఎడ్లకి ఆ రోజు పండగ. మీ నాన్న అప్పటికి ఇంకా కాలేజీ కుర్రాడు. సైకిలు క్యారియర్ మీద ఆ పెట్టె కట్టి, పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టి, తను తోసుకుంటూ ఆవిడతో పాటు మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ భీమవరం వెళ్ళే లారీ ఎక్కించి వచ్చాడు. నాలుగు మైళ్ళు. వచ్చాక నాతో ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు. నువ్వు కావాలంటే అడుగు, ఇప్పుడైనా చెబుతాడేమో.

ఆ వారంలో మనియార్డరు చెయ్యలేదు. ఆ నెలలోనూ చెయ్యలేదు. మార్చిలో ధాన్యం డబ్బు చేతికొచ్చాక రైలెక్కి గుడివాడ వెళ్ళాను. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. రెండొందలూ, చదివింపు నూట పదహార్లూ. చిల్లర లేక మూడొందల ఇరవై ఇచ్చాను. ఆవిడ లెక్కపెట్టుకుని లోపలికి వెళ్ళింది. పోపుల డబ్బా మూత చప్పుడు వినిపించింది. నాలుగు రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను క్షమాపణ లాంటిదేదో గొణిగాను. ఆవిడ, "మంచినీళ్ళు తాగుతారా?" అంది.

తర్వాతి సంక్రాంతికి ద్రౌపది కోసం గుడివాడ, తెనాలి, ఏలూరు తిరిగాం. ఊరి పేరు చెప్పగానే అందరికీ ఆ తేదీల్లో ఇంకో నాటకం ఉండేది. చివరికి మన ఊరి కుర్రాడికే చీర కట్టాం. వాడు తల విరబోసుకోగానే విగ్గు చేతికొచ్చింది, జనం నవ్వారు. ఆ పైన ఒక్క ఏడాది లాక్కొచ్చి మూసేశాం. టీవీ వచ్చింది, వీసీఆర్లు వచ్చాయి, అందుకే నాటకం పోయిందని నేను నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను. కిందటేడు నువ్వడిగినప్పుడూ అదే చెప్పాను. పక్క ఊరికి కూడా టీవీ వచ్చింది కదమ్మా. వాళ్ళు ఆ తర్వాత పదేళ్ళు ఆడారు.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. ఎవరికి ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసుకో. భోగి నాటికే కవర్లలో పెట్టి, ఒక్కో కవరు మీద పేరు రాసి, మీ అమ్మ బీరువాలో ఉంచు. మీ నాన్న దగ్గర కాదు, వాడు జాలిపడి ఇంకెవరికో ఇచ్చేస్తాడు. బయట నుంచి వచ్చేవాళ్ళకి మొహానికి రంగు వేసుకోకముందే కవరు అందాలి. ఫోన్లో పంపుతానంటావేమో, పంపు, కానీ ముందే పంపు. నాటకం అయ్యాక సిగ్నల్ లేదనే మాట వినపడకూడదు. ఆ అమ్మాయికి మన ఇంట్లో గది ఇవ్వు, లోపలి నుంచి గడియ పడేది. తోడు ఎవరొస్తారో ముందే కనుక్కుని వాళ్ళకీ పక్క వేయించు. కనుమ నాడు తిరుగు ప్రయాణం పెట్టకు. పెట్టక తప్పకపోతే కారు ముందే మాట్లాడి, డ్రైవరు నంబరు ఆ అమ్మాయికే ఇవ్వు.

చందాలు తక్కువైతే సీను తగ్గించు, తెరలు తగ్గించు. తెర లేకపోయినా నాటకం ఆడొచ్చు.

నీ ఖాతాలో పదిహేను వేలు వేశాను. ఇది సమాజానికి చందా కాదు, పుస్తకంలో రాయకు. ద్రౌపది కవరుకి. ఒప్పుకున్నదానికంటే ఎక్కువైతే, మిగిలింది దారి ఖర్చులకని చెప్పు. ఆ అమ్మాయి తిరిగిస్తే మాత్రం తీసుకో, బలవంతం చెయ్యకు.

భీముడి గద అటక మీద, పాత ఊయల బల్ల వెనకాల ఉండాలి. చెక్కదే, కానీ బరువు. కొత్తది కొనకు.

మేం భోగికి రెండు రోజుల ముందే వస్తాం. మీ పెద్దమ్మ నీ కిరీటానికి లోపల దూదితో మెత్త కుడతానంటోంది, తల కొలత పంపు. ఆ గుడివాడ అమ్మాయి ఏ రైలుకి దిగుతుందో కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి. భీమవరం స్టేషనుకి నేను వెళతాను. ఇంకెవరినీ పంపకు.

ఇట్లు,
మీ పెదనాన్న